బండి మొరాయించిందా? షెడ్డుకు తోసుకెళ్లే ముందు ఇవి చూడండి

మెకానిక్ ముందు బండి ఆపి "ఇంజన్ పోయినట్టుందండి, కాస్త చూడండి" అన్నారంటే సగం డబ్బు అక్కడే వదిలేసుకున్నట్టు. ఇంజన్ పోవడం అంత తేలిగ్గా జరిగే పని కాదు. కోనసీమలో, ఇటు పాలకొల్లు భీమవరం వైపు తిరిగే వంద, నూటపాతిక సీసీ బళ్లు వేళకి ఆయిల్ మారిస్తే చాలు, రొయ్యల మేత బస్తాలు మోసినా కొబ్బరికాయలు మోసినా హెడ్డు (ఇంజన్ పైభాగం) విప్పకుండా ఏళ్ల తరబడి తిరుగుతాయి. చెడిపోయేవి చాలావరకు ఇంజన్ బయట ఉండేవే: పెట్రోలు వచ్చే దారి, గాలి వచ్చే దారి, కరెంటు వచ్చే దారి. ఇవి చూడకుండానే ఎవరైనా "బోరు చేయించాలండి" (అరిగిన సిలిండరుని లోపల కోసి పెద్ద పిస్టన్ వెయ్యడం) అంటే, ఆయన మోసగాడని కాదు, ఒక్కోసారి వెతికే తీరిక లేక పెద్ద పని చెప్పేస్తారు. వెతికే పని సగం మనం చేసుకెళితే ఆ మాట రాదు.

ముందు సిగ్గుపడే విషయాలు అవగొట్టేద్దాం. కిల్ స్విచ్ (హ్యాండిల్ మీద ఇంజన్ ఆపే మీట) ఎవరో పిల్లాడు నొక్కి ఉంటాడు. కొత్త బళ్లకి సైడ్ స్టాండు వేసి ఉంటే ఇంజన్ స్టార్ట్ అవదు, లేదా గేరు వెయ్యగానే ఆగిపోతుంది. కాలవగట్టు బురద ఆ స్టాండు స్విచ్‌లో చేరితే స్టాండు తీసినా వేసినట్టే అనుకుంటుంది బండి, కాస్త నీళ్లు కొట్టి కడిగితే సరి. పెట్రోలు రిజర్వులో ఉందేమో, ట్యాపు ఆఫ్‌లో ఉందేమో చూడండి. నవ్వకండి, షెడ్డుకి తోసుకొచ్చే బళ్లలో ఇలాంటివి ఎన్ని ఉంటాయో ఏ మెకానిక్‌ని అడిగినా చెబుతాడు.

అసలు స్టార్ట్ అవకపోతే

మూడే ప్రశ్నలు. పెట్రోలు వస్తోందా? ప్లగ్గుకి కరెంటు వస్తోందా? కంప్రెషన్, అంటే సిలిండర్లో గాలి బిగువు, ఉందా? ఈ మూడూ ఉండి, గాలి ఫిల్టరు మూసుకుపోకుండా ఉంటే బండి స్టార్ట్ అవ్వాల్సిందే.

పెట్రోలుతో మొదలుపెట్టండి. కార్బొరేటర్ (గాలీ పెట్రోలూ కలిపే భాగం) ఉన్న బండి అయితే దాని కింద గిన్నెకి ఒక చిన్న డ్రెయిన్ స్క్రూ ఉంటుంది, దాన్ని వదులు చేసి వచ్చిన పెట్రోలు గాజు సీసాలో పట్టండి. ప్లాస్టిక్ గ్లాసులో వద్దు, రంగు తెలియదు. ఒక నిమిషం కదలకుండా ఉంచితే నీళ్లుంటే అడుక్కి దిగి వేరే పొరగా కనిపిస్తాయి. మన దగ్గర ఇది మామూలే: వానాకాలం తేమ, పైగా ఇప్పుడు అమ్మే పెట్రోల్లో ఇరవై శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, ఎక్కువైతే రెండూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగున కూర్చుంటాయి. నెలల తరబడి కదలని బండికి, ట్యాంకు మూత రబ్బరు చిరిగిన బండికి ఇదే జబ్బు. గిన్నెలో నీళ్లు కనిపిస్తే కార్బొరేటర్ ఒక్కటే కడిగించి లాభం లేదు, ట్యాంకు మొత్తం ఖాళీ చేయించాలి. అనుమానం బంకు మీదికి పోతే అక్కడే ఫిల్టర్ పేపర్ టెస్టు అడగొచ్చు, డెన్సిటీ చూపించమనొచ్చు, కొలత మీద అనుమానం ఉంటే అయిదు లీటర్ల కొలపాత్రలో కొట్టించుకోవచ్చు. అడిగితే చూపించాల్సిందే.

ఇంజెక్షన్ బండి అయితే, అంటే 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 వచ్చాక కొన్నవి దాదాపు అన్నీ, తాళం తిప్పగానే ట్యాంకు దగ్గర చెవి పెట్టండి. రెండు మూడు సెకన్లు "జుయ్" మని పంపు తిరిగిన చప్పుడు రావాలి. రాకపోతే ముందు ఫ్యూజు, తర్వాత బ్యాటరీ. ఈ బళ్లకి బ్యాటరీ బాగా పడిపోతే కిక్కు ఎంత కొట్టినా ఒక్కోసారి స్టార్ట్ అవవు, ఎందుకంటే పంపూ కంప్యూటరూ రెండూ దాని మీదే బతకాలి. బండి ఆపి రాత్రంతా వదిలేశాక మల్టీమీటర్ పెడితే పన్నెండున్నర వోల్టుల దరిదాపుల్లో చూపాలి, పన్నెండు లోపు అయితే ఛార్జింగ్ పెట్టించి చూడాలి. ఇంజన్ నడుస్తుండగా పదమూడున్నర, పద్నాలుగున్నర మధ్య ఉండాలి. నడుస్తున్నా పన్నెండులోనే ఉంటే కొత్త బ్యాటరీ కొన్నా వారంలో మళ్లీ అదే కథ, తప్పు ఛార్జింగ్‌లో ఉంది. అసలు పరీక్ష చెయ్యకుండా బ్యాటరీ అమ్మేవాడి దగ్గర జాగ్రత్త.

ఇక కరెంటు. ప్లగ్గు పానా బండితో వచ్చే టూల్ కిట్‌లో ఉంటుంది, లేకపోతే ఒకటి కొని సీటు కింద పడెయ్యండి. ప్లగ్గు విప్పి, క్యాపు తగిలించి, ప్లగ్గు మర ఉన్న భాగాన్ని హెడ్డు ఇనుముకి గట్టిగా ఆనించి, వేరేవాళ్లని కిక్కు కొట్టమనండి. నీలంగా, చిటపటమని నిప్పు దూకాలి. ఎర్రగా, నీరసంగా ఉంటే చాలదు. చేతితో పట్టుకునేది రబ్బరు క్యాపునే, ఇనుముని కాదు, షాకు గట్టిగానే కొడుతుంది. ప్లగ్గు కన్నానికి దూరంగా ఆనించండి, ఆ కన్నంలోంచి పెట్రోలు ఆవిరి కొడుతుంది కాబట్టి. పెట్రోలు సీసా పక్కన పెట్టుకుని ఈ పని అస్సలు చెయ్యకండి. నిప్పు రాకపోతే ముందు కొత్త ప్లగ్గు వేసి చూడండి, ఖర్చు పెద్దగా ఉండదు. అప్పటికీ రాకపోతే ప్లగ్గు క్యాపు. వానలో ఆగిపోయి ఎండలో బాగుపడే బండికి నూటికి తొంభై పాళ్లు ఈ క్యాపులోనో, వైరు మొదట్లోనో తేమ చేరి ఉంటుంది.

ఇంకో సంగతి, ఇంట్లో ధాన్యం బస్తాలు పెట్టుకునేవాళ్లకి చెబుతున్నా. ఎలుకలు. బండి పంచలో పెడితే రాత్రికి సీటు కిందకి దూరి వైర్లు కొరికేస్తాయి, ఫిల్టర్ డబ్బాలో గడ్డి పోగేసి గూడు కడతాయి. బండి ఉన్నట్టుండి చచ్చిపోతే సీటు ఎత్తి టార్చి వేసి చూడండి. వైరు ఒకటి తెగిందని మొత్తం వైరింగ్ మార్చమంటారు కొందరు, అక్కర్లేదు, తెగిన చోట అతికి సరిగ్గా స్లీవు వేస్తే చాలు.

కంప్రెషన్ చూడటానికి మీటరు లేకపోయినా కాలు చాలు. తాళం ఆఫ్ చేసి కిక్కు రాడ్డు మీద మెల్లగా బరువు వెయ్యండి. ఒకచోట గట్టిగా పట్టుకుని, కాసేపు ఆగి దిగాలి. ఏ అడ్డూ లేకుండా జారిపోతే కంప్రెషన్ లేనట్టే. అప్పుడు కూడా వెంటనే బోరు అనుకోవద్దు. ప్లగ్గు కన్నంలోంచి ఒక చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి, కిక్కు నాలుగుసార్లు ఊరికే తిప్పి, ప్లగ్గు బిగించి మళ్లీ చూడండి. గట్టిపడితే పిస్టన్ రింగులు, సిలిండరు అరిగాయి. గట్టిపడకపోతే గాలి వాల్వుల్లోంచి పోతోంది, వాల్వు కాలి ఉండొచ్చు, లేదా ఉత్తుత్తినే టాపెట్లు (వాల్వుల దగ్గర సందు సర్దే స్క్రూలు) బిగిసిపోయి వాల్వు పూర్తిగా మూసుకోకపోవచ్చు. టాపెట్ సర్దడం అరగంట పని. బోరు పని రోజులు పడుతుంది. మధ్యలో తేడా ఒక చెంచాడు ఆయిలు. ఈ పరీక్ష ఫలితం తీసుకెళ్లి షెడ్డులో చెబితే మాట తీరే మారిపోతుంది.

నడుస్తూ నడుస్తూ ఆగిపోయే బండి

అన్నిటికంటే డబ్బు తినేది ఇదే, ఎందుకంటే షెడ్డుకి వెళ్లేసరికి బండి బాగుంటుంది. మా బావగారి బండి ఇలాగే ప్రతిసారీ కాస్త దూరం వెళ్లాక ఆగిపోయేది. ఒక షెడ్డులో కార్బొరేటర్ మార్చారు, ఇంకోచోట కాయిలు మార్చారు, మూడోచోట ఇంజన్ దింపుదామన్నారు. చివరికి తేలింది ట్యాంకు మూతలో గాలి కన్నం మూసుకుపోయిందని. ట్యాంకులో పెట్రోలు తగ్గేకొద్దీ ఆ చోటుకి బయటి గాలి రావాలి, రాకపోతే లోపల ఖాళీ పట్టేసి పెట్రోలు కిందకి దిగదు. కొన్ని బళ్లకి మూత దగ్గర్నుంచి సన్న పైపు ఉంటుంది, దాని కొసలో మట్టి, బురద, ఒక్కోసారి పురుగు కట్టిన గూడు కూడా ఉంటాయి. పరీక్ష చాలా సులువు: బండి ఆగిన వెంటనే, అక్కడే, మూత తెరవండి. "స్స్" మని గాలి లోపలికి పోయిన చప్పుడు వచ్చి, వెంటనే స్టార్ట్ అయితే దొంగ దొరికినట్టే.

మూత తెరిచినా లాభం లేకపోతే ఆగిన వెంటనే, ఇంజన్ వేడి మీద ఉన్నప్పుడే ప్లగ్గు నిప్పు చూడాలి. చల్లారాక చూస్తే ఏమీ తెలియదు. వేడి మీద నిప్పు లేక, పావుగంట తర్వాత వస్తుంటే ప్లగ్గుకి నిప్పు పంపే భాగాల్లో ఒకటి, ఇగ్నిషన్ కాయిలో, పల్సర్ కాయిలో, సీడీఐ అనే డబ్బానో, వేడికి లోపల విడిపోతోందని అర్థం. వేడి మీద నిప్పు బాగానే ఉండి కిక్కు మాత్రం తేలిపోతుంటే టాపెట్లు చూడాలి, వేడికి వాల్వు పొడుగు సాగి అసలే బిగువుగా ఉన్న టాపెట్ ఇంకా బిగుసుకుంటుంది. ఈ పని రోడ్డు పక్కన చెమటలు కక్కుతూ చెయ్యాలి, తప్పదు.

పొగ, చప్పుడు

నీలం పొగ ఆయిల్ కాలుతోందని చెబుతుంది, కానీ ఎక్కడ కాలుతోందో కూడా చెబుతుంది, అది చూడటం మానేసి నేరుగా బోరు దగ్గరికి పోతారు జనం. పొద్దున్న మొదటి స్టార్టింగ్‌కి ఒక్కసారి భగ్గుమని వచ్చి ఆగిపోతే వాల్వు సీళ్లు, చిన్న రబ్బరు ముక్కలు. యాక్సిలరేటర్ ఇచ్చినంతసేపూ వస్తూనే ఉంటే రింగులు. ఘాట్ రోడ్డు ఉన్నవాళ్లు దిగుతూ చూసుకుంటారు, మనకి ఘాట్లు లేవు కాబట్టి వంతెనలే దిక్కు: చించినాడ వంతెన మీదో, ఎదుర్లంక వారధి మీదో దిగేటప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేసి, కింద చదునులోకి రాగానే ఒక్కసారి ఇచ్చి అద్దంలో చూడండి. అప్పుడు గుప్పుమంటే వాల్వు సీళ్లో గైడ్లో అనుకోవాలి. అంతకంటే ముందు ఆయిల్ ఎక్కువ పోశారేమో గేజ్ చూడండి. బండిని మెయిన్ స్టాండు మీద నిటారుగా నిలబెట్టే చూడాలి, గేజ్ మర బిగించి చూడాలా ఊరికే ఆనించి చూడాలా అన్నది బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది.

నల్ల పొగ అంటే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. ఫిల్టర్ మూసుకుందేమో చూడండి. దాళ్వా (రబీ వరి) కోతలప్పుడు, రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఎగరేసేటప్పుడు లేచే పొట్టూ దుమ్మూ అంతా ఫిల్టర్ లోకే పోతుంది, కోతలు అయ్యాక ఒకసారి విప్పి చూడటం మంచి అలవాటు. స్పాంజి ఫిల్టర్ అయితే కడిగి, ఆరబెట్టి, ఆయిల్ పట్టించి వాడుకోవచ్చు. జిడ్డు పూసిన కాగితం ఫిల్టర్‌ని గాలి కొట్టి, పెట్రోల్లో ముంచి మళ్లీ పెడతారు కొందరు, అది పనికిరాదు, మార్చాలి. తెల్ల పొగ చలికాలం పొద్దున్న కాసేపు వస్తే ఆవిరి, పట్టించుకోకండి. రేడియేటర్ ఉన్న పెద్ద బళ్లకి వస్తూనే ఉంటే మాత్రం కూలెంట్ లోపలికి పోతోందేమో చూపించాలి.

ప్లగ్గు కూడా ఒక చీటీ రాసి ఇస్తుంది. లేత ఇటుక రంగులో ఉంటే బాగుంది. ఎండు మసిలా ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది, జిడ్డుగా తడిగా ఉంటే ఆయిల్ వస్తోంది, సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే పెట్రోలు తక్కువై ఇంజన్ వేడెక్కుతోంది. తీసిన ప్లగ్గు పారేయకుండా జేబులో వేసుకెళ్లి మెకానిక్‌కి చూపించండి.

చప్పుళ్ల దగ్గర చాలామంది భయపడాల్సిన దానికి భయపడరు, భయపడక్కర్లేని దానికి నిద్ర మానుకుంటారు. పైన హెడ్డులో "టిక్ టిక్" అని సన్నగా వచ్చేది టాపెట్. అది కాస్త వినిపించడమే మేలు నన్నడిగితే. చప్పుడే రాకుండా బిగించెయ్యమని మెకానిక్ మీద పడతారు, ఆయన బిగించేస్తాడు, కొన్నాళ్లకి వాల్వు కాలుతుంది. ఐడిలింగ్‌లో "గరగర" మని గొలుసు ఊగినట్టు వస్తే టైమింగ్ చైనూ, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనరూ. చల్లగా ఉన్నప్పుడు "టకటక" మని వేడెక్కాక తగ్గేది పిస్టన్ అరుగుదల, తొందరేమీ లేదు, ఆయిల్ తగ్గకుండా చూసుకుంటూ తిరగొచ్చు. కింద కేసులోంచి "డబ్ డబ్" మని బరువుగా, లోడు పెంచేకొద్దీ పెరిగే చప్పుడు వస్తే మాత్రం అక్కడే ఆపెయ్యండి. కనెక్టింగ్ రాడ్డు బేరింగ్ అది. "ఊరు దగ్గరేగా, మెల్లగా పోదాం" అనుకుంటే రాడ్డు విరిగి కేసు పగులుతుంది, కొన్నివేలల్లో అయ్యేది ఇంజన్ మార్చేదాకా పోతుంది. ఆటో ట్రాలీ మాట్లాడుకోండి. చప్పుడు ఎక్కడిదో తేలకపోతే పొడుగు స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కి ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుని వినండి, తిరిగే వాటికి దూరంగా. డాక్టరు గొట్టంలా పనిచేస్తుంది.

"పికప్ లేదు" అనే ఫిర్యాదు

దీనికి సగం సార్లు ఇంజన్‌తో సంబంధం ఉండదు. బురద గట్ల మీద రెండో గేరులో క్లచ్ సగం నొక్కి పట్టుకుని, వెనక రెండు బస్తాలు వేసుకుని పోయే బండికి ముందు అరిగేది క్లచ్ ప్లేట్లు. టాప్ గేరులో మామూలు స్పీడులో పోతూ యాక్సిలరేటర్ పూర్తిగా ఇవ్వండి. ఇంజన్ అరుపు పెరిగి స్పీడు పెరగకపోతే క్లచ్ జారుతోంది. ముందు క్లచ్ లివర్‌కి ఆట ఉందో లేదో చూడండి, కొసన ఒక సెంటీమీటరు పైచిలుకు ఊగాలి, అసలు లేకపోతే కేబుల్ సర్దితే సరిపోవచ్చు. ఆయిల్ ఏది పోశారో కూడా అడగండి. కార్లకి పోసే ఆయిల్ కొన్నిటిలో ఇంజన్ జారుడుగా ఉండటానికి మందులు కలుపుతారు, మన బళ్లలో క్లచ్ అదే ఆయిల్లో మునిగి ఉంటుంది కాబట్టి అది కూడా జారుతుంది. డబ్బా మీద జాసో ఎంఏ (JASO MA) లేదా ఎంఏ2 అని ఉండాలి, అంటే ఇలా మునిగే క్లచ్‌కి పనికొచ్చేదని, గ్రేడు బండి పుస్తకంలో చెప్పిందే పోయించాలి. చిక్కటి ఆయిల్ పోస్తే చప్పుడు తగ్గుతుంది కదా అని ఎవరైనా అంటే, ఆ చప్పుడు ఎక్కడిదో ముందు చెప్పమనండి.

తర్వాత మెయిన్ స్టాండు వేసి న్యూట్రల్‌లో వెనక చక్రం చేత్తో తిప్పండి. తేలిగ్గా తిరగకపోతే బ్రేకు పట్టేస్తోంది, లేదా చైన్ మరీ బిగువుగా ఉంది. ముందు చక్రం కూడా. టైర్లలో గాలి. మైలేజ్ పడిపోయిందని వచ్చే బళ్లలో ఎన్నిటికో ఇదే వైద్యం.

వరద నీళ్లలో మునిగితే

2022 జులై వరదకి లంక గ్రామాల్లో బళ్లు ఎలా మునిగాయో చూసినవాళ్లే ఉన్నారు మీలో. మునిగిన బండిని, లేదా సైలెన్సర్ పైదాకా నీళ్లలో ఆగిపోయిన బండిని, "ఒకసారి కొట్టి చూద్దాం" అనొద్దు. సెల్ఫ్ అసలే వద్దు. సిలిండర్లో నీళ్లుంటే పిస్టన్ వాటిని నొక్కలేదు, రాడ్డు వంగిపోతుంది. బ్యాటరీ నెగటివ్ వైరు పీకండి. ప్లగ్గు విప్పి, కిక్కు మెల్లగా తిప్పితే నీళ్లు చిమ్మి బయటికి పోతాయి. ఫిల్టర్ డబ్బా, కార్బొరేటర్ గిన్నె, ట్యాంకు ఖాళీ చెయ్యండి. ఆయిల్ చూడండి: పాలు ఎక్కువైన టీ రంగులో ఉంటే నీళ్లు కలిశాయి, ఒక్కసారి మార్చితే పోదు, చౌక ఆయిల్ పోసి కాసేపు ఐడిలింగ్‌లో తిప్పి తీసేసి, తెల్లదనం పోయేదాకా మళ్లీ చెయ్యాలి. ఇన్సూరెన్స్ ఫుల్ పాలసీ అయితే బండి కదిపే ముందే ఫోటోలు తీసి కంపెనీకి ఫోన్ చెయ్యండి. మునిగాక స్టార్ట్ చెయ్యబోయి ఇంజన్ పాడైతే, ఇంజన్‌కి వేరే కవర్ తీసుకోకపోతే, క్లెయిము ఒప్పుకోకపోవడానికి వాళ్లకి అదే సాకు.

షెడ్డులో మాట్లాడటం

జబ్బు లక్షణం చెప్పండి, మందు పేరు చెప్పకండి. "కార్బొరేటర్ క్లీన్ చెయ్యి" అంటే కార్బొరేటర్ క్లీన్ చేసి డబ్బులు తీసుకుంటారు, అది మీరు అడిగిన పనే, బండి బాగుపడకపోతే ఆయన తప్పు కాదు. దానికి బదులు ఇలా చెప్పండి: "బాబాయ్, పొద్దున్న ఒక్క కిక్కుకే స్టార్టవుతుంది. అమలాపురం నుంచి వస్తుంటే ముక్కామల దాటేసరికి ఆగిపోతోంది. పావుగంట ఆగితే మళ్లీ మామూలే. ఆగిన వెంటనే ప్లగ్గు తీసి చూశా, కరెంటు లేదు." ఇలా చెబితే పాతకాలపు మెకానిక్ అయినా తల ఎత్తి చూస్తాడు. "ఆయ్, అయితే కాయిలో పల్సరో అండి, ముందు కాయిలు మార్చి చూద్దాం, నా దగ్గర పాతది ఉంది" అంటాడు. ఆ "పాతది ఉంది" అన్న మాట బంగారం. షెడ్డులో పనిచేసే కాయిలు పెట్టి ఒక రోజు తిరిగి, నిజమైతేనే కొత్తది కొనొచ్చు. అలాంటి మెకానిక్ దొరికితే లేబర్ దగ్గర బేరం ఆడకండి. వెతికిన పనికి కూడా డబ్బులు ఇవ్వండి, పార్టు మార్చకపోయినా సరే. ఇవ్వకపోతే వచ్చేసారి పార్టు మార్చే బతకాలి ఆయన.

చప్పుడు వచ్చినప్పుడు, పొగ వచ్చినప్పుడు ఫోన్లో వీడియో తీసి పెట్టుకోండి. షెడ్డుకి చేరాక చప్పుడు రాదు, అదో శాపం. చప్పుడు చల్లటి ఇంజన్‌కే వస్తుంటే బండి రాత్రే ఇచ్చేసి, పొద్దున్న మెకానిక్‌నే స్టార్ట్ చెయ్యమనండి.

ఇంజన్ విప్పాలంటే ముందు ఫోన్ చెయ్యమని గట్టిగా చెప్పండి. నోటితో చెబితే మర్చిపోతారు, వాట్సాప్‌లో పెట్టండి: ఏం చెయ్యాలి, ఎంత దాటితే అడగాలి, కిలోమీటర్లు ఎంత, పెట్రోలు ఎంత ఉంది. మీటరు ఫోటో ఒకటి. తీసిన పాత పార్టులు అన్నీ సంచిలో వేసి ఉంచమనండి, అది అనుమానం కొద్దీ కాదు, ఏం పాడైందో మీకు తెలియాలి కదా. పార్టు స్పేర్ పార్ట్స్ షాపు నుంచి మీరే తెచ్చి ఇస్తే ధర మీకు తెలుస్తుంది, పాకెట్ మీద ఎమ్మార్పీ ఉంటుంది. కానీ తప్పు పార్టు తెస్తే, లోకల్ సరుకు తెస్తే బాధ్యత మీది, మెకానిక్ గ్యారంటీ ఇవ్వడు. క్లచ్ ప్లేట్లు, టైమింగ్ చైన్, రింగులు లోకల్‌వి వెయ్యకండి, లేబర్ మళ్లీ ఇవ్వాల్సి వస్తుంది. అద్దాలు, మడ్‌గార్డులు, ఫుట్‌రెస్టులు లోకల్ అయినా పర్వాలేదు.

బోరు తప్పదని తేలిందనుకోండి. సిలిండరు లేత్ షాపుకి పోతుంది, అక్కడ ఎవరు చేస్తారో, ఎంత సైజు పిస్టన్ వేస్తున్నారో అడగండి. మామూలుగా 0.25, 0.50 మిల్లీమీటర్లు అని మెట్లు మెట్లుగా పెంచుతారు. 0.25తో సరిపోయేదాన్ని ఒకేసారి పెద్ద సైజుకి తోస్తే వచ్చేసారికి బ్లాకులో మాంసం మిగలదు. పిస్టన్ ముందు తెచ్చి, దాన్ని కొలిచి, దానికి తగ్గట్టు బోరు చెయ్యాలి, అటుదిటు కాదు. కొన్ని బళ్లకి సిలిండర్ లోపల గట్టి కోటింగ్ ఉంటుంది, వాటికి బోరు కుదరదు, బ్లాకు మార్చడమే. బోరు అయ్యాక అయిదొందల కిలోమీటర్లకి ఆయిల్ మార్చండి, అప్పటిదాకా బస్తాలు వెయ్యొద్దు, ఒకే స్పీడులో హైవే మీద గంటలకొద్దీ లాగొద్దు.

కంపెనీ సర్వీస్ సెంటరా, ఊరి షెడ్డా అంటే: వారంటీ ఉన్నన్నాళ్లు కంపెనీ దగ్గరికే వెళ్లండి, సర్వీసు తప్పించకండి, లేకపోతే రేపు ఇంజన్ క్లెయిము అడిగినప్పుడు ఆ తప్పిన సర్వీసునే చూపిస్తారు. ఇంజెక్షన్ బండికి చెక్ ఇంజన్ లైటు వెలిగితే స్కానర్ ఉన్నచోటికే వెళ్లాలి, అది కొన్ని షెడ్లలో కూడా ఉంటోంది ఇప్పుడు. కానీ కోడు అంటే తీర్పు కాదు. ఆక్సిజన్ సెన్సర్ కోడు వచ్చిందని సెన్సర్ మార్చెయ్యడం కాదు, సైలెన్సర్ జాయింటు లీకైనా అదే కోడు రావచ్చు. మన సముద్రం పక్క ఊళ్లలో, అంతర్వేది, ఓడలరేవు వైపు, ఉప్పుగాలికి సైలెన్సర్లు తుప్పు పట్టడం, కనెక్టర్లలో పచ్చటి చిలుము పట్టడం మామూలే, సెన్సర్ కొనే ముందు కనెక్టర్ విప్పి శుభ్రం చేశారా అని అడగండి. కంపెనీ సెంటర్లో జాబ్ కార్డు మీద సంతకం పెట్టే ముందు అందులో రాసింది చదవండి. టెఫ్లాన్ కోటింగ్, ఇంజన్ ఫ్లష్, ఇంకేదో ట్రీట్‌మెంట్ అని రాసేసి ఉంటారు. "అవి వద్దులెండి, కొట్టెయ్యండి" అంటే కొట్టేస్తారు, ఎవరూ కోప్పడరు.

ఇంకో ముచ్చట. సంక్రాంతి ముందు వారం పెద్ద పని మొదలుపెట్టకండి. కుర్రాళ్లు సగం మంది పందేల బరుల దగ్గరే ఉంటారు, విప్పిన ఇంజన్ గోనెసంచి మీద కూర్చుంటుంది.

బండి తీసుకునేటప్పుడు డబ్బులిచ్చే ముందు ఒక పది కిలోమీటర్లు తిరగండి, ఏ లక్షణంతో ఇచ్చారో ఆ పరిస్థితిలోనే: వేడెక్కాక ఆగేది అయితే వేడెక్కించండి, చల్లగా మొరాయించేది అయితే పొద్దున్న చూసుకుని ఇస్తానని చెప్పండి. తిరిగొచ్చి కింద ఆయిల్ చుక్కలు పడుతున్నాయేమో ఒక కాగితం పరిచి చూడండి. అదే జబ్బు మళ్లీ వస్తే కోపంతో వేరే షెడ్డుకి పోకండి, అదే మనిషి దగ్గరికి అదే వారంలో వెళ్లండి. వేరేవాళ్లు విప్పాక ఆయన ఒప్పుకోమన్నా ఒప్పుకోడు. కంపెనీ సెంటర్ వాళ్లు మొండికేస్తే జాబ్ కార్డు, బిల్లు, వీడియో పెట్టుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యొచ్చు, అక్కడా తేలకపోతే రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు, మీరు చెల్లించింది అయిదు లక్షల లోపు అయితే ఫీజు ఉండదు. ఊరి షెడ్డు అయినా తెల్లకాగితం మీద ఏం మార్చారో, ఎంత తీసుకున్నారో రాయించుకుని తేదీ వేయించండి.